నిబంధన వ్యాధికా, పాస్‌పోర్టుకా?

అంటువ్యాధి ప్రబలినప్పుడు పరదేశం నుండి వచ్చేవారిని కొంతకాలం విడిగా ఉంచడం నేటి ఆచారం కాదు. 1377లోనే ఏడ్రియాటిక్ తీరాన ఉన్న రగూసా నగరం, ప్లేగు సోకిన ప్రాంతాల వారు 30 దినాలు వెలుపల గడిపిన పిమ్మటనే ప్రవేశించాలని శాసించింది. ప్రజారక్షణ ప్రభుత్వ ధర్మం. ఆ నియమాన్ని శిరసావహించడం ప్రయాణికుని ధర్మం. ఇందులో భేదాభిప్రాయానికి తావు లేదు.

అయితే నియమానికి శాస్త్రమే ఆధారం కావాలి. 2021 అక్టోబరు 4 నుండి బ్రిటన్ అమలుపరచిన పద్ధతిని పరిశీలించండి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఆస్ట్రాజెనెకా సంస్థ రూపొందించిన టీకానే పూణేలో కోవిషీల్డ్ పేరిట తయారుచేశారు. అయినా ఇక్కడ రెండు మోతాదులూ తీసుకున్నవారిని టీకా లేనివారిగానే ఎంచి, 10 దినాల ఏకాంతవాసం విధించారు. అభ్యంతరమంతా మన ధ్రువపత్రం మీదనే! ఉన్నత విద్యకై వెళ్ళే విద్యార్థులపై, వారిలోని తెలుగువారిపై, ఈ భారం పడింది. భారతదేశం కూడా బ్రిటిషువారికి అదే నియమం విధించగా, కోవిషీల్డ్ తీసుకున్నవారికి అక్టోబరు 11 నుండి ఆంక్ష తొలగింది. ఒక్క వారంలో వ్యాధి మారలేదు, వైఖరి మారింది.

ఆ నవంబరులోనే ఒమిక్రాన్ సంగతి లోకానికి తెలిపిన దక్షిణాఫ్రికాకు ప్రతిఫలంగా పలుదేశాల ప్రయాణ నిషేధం లభించింది. నిజం చెప్పినవారికే శిక్ష పడితే, రేపు ముందుగా నోరు విప్పేదెవరు?

కనుక ఒకే ప్రమాదానికి ఒకే నియమం ఉండాలి. దాని కారణాన్ని బహిరంగంగా చెప్పాలి. అవసరం తీరగానే తొలగించాలి. రేపు విదేశాలకు వెళ్ళబోయే మన విద్యార్థులు నిబంధనలను తప్పక పాటించాలి. వాటి న్యాయాన్యాయాలను విచారించే హక్కును మాత్రం వదులుకోరాదు.