మేకుకి వేసిన దండ

ఛత్రపూర్‌లో మా పక్కింటి మాస్టారి లాబ్రడార్‌కి పన్నెండేళ్లు. తిండి సయించక చిక్కిపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. బరంపురం తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే కాలేయం దెబ్బతిందని తేలింది. మర్నాటి నుంచి సలహాలు మొదలు. నేల ఉసిరి పసరు పట్టించమని ఒకరు, రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్లే తాగించమని ఒకరు. ఇంకొకరైతే కామెర్ల దండ తెచ్చి మెడలోనే వేసేశారు. విదేశంలో ఉన్న కొడుకు మాత్రం వీడియో కాల్‌లో ఒక సప్లిమెంట్ సీసా చూపించి, “ఇది వేస్తే లివర్ కొత్తదవుతుంది నాన్నా” అన్నాడు.

పసరునీ సీసానీ ఒకే గాట కట్టకూడదు, నిజమే. కానీ రెండింటినీ అమ్మిపెట్టే మాట ఒకటే: “వాడాం, తగ్గింది.”

మనుషుల్లో హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగితే పేరు పసరుకి, తాయెత్తు కడితే తాయెత్తుకి. దండ సంగతి ఇంకా తమాషా. పచ్చి కాడల ముక్కల్ని వదులు ముడులతో కూరుస్తారు. ముక్కలు ఎండి సన్నబడేకొద్దీ ముడులు జారి దండ పొడుగవుతుంది, కామెర్లు దిగుతున్నాయంటారు. అదే దండని గోడ మేకుకి తగిలించండి, అక్కడా పొడుగవుతుంది.

హేతువాదానికి ఈ మేకు చాలు. మందు వేసినవాళ్ల పక్కన వేయనివాళ్లని కూడా నిలబెట్టి చూడటమే శాస్త్రం.

సీసాలకీ ఈ పరీక్ష జరిగింది. విషపు పుట్టగొడుగు తినిపించిన బీగిల్ కుక్కల్లో సిలిబినిన్ అనే మందు ప్రాణాలు కాపాడిందని 1984లో చూపించారు. ఎస్-ఎడెనోసిల్ మెథియోనిన్‌ అనే పదార్థం, సిలిబినిన్ కలిపిన మాత్ర క్యాన్సర్ మందు వాడే కుక్కల్లో కాలేయ ఎంజైములు పెరగడాన్ని కొంత తగ్గించిందని 2011లో తేలింది. మన దేశంలో 1955 నుంచి అమ్ముడవుతున్న లివ్ 52ని మద్యం వల్ల కాలేయం చెడిన మనుషులకిచ్చి శ్రీలంకలో పరీక్షిస్తే, 2003లో వచ్చిన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. విషం నుంచి కాపాడటం వేరు, ఏళ్ల తరబడి గట్టిపడిన ముసలి కాలేయాన్ని కొత్తది చేయడం వేరు. మొదటిదానికి దొరికిన రుజువుని రెండోదానికి అంటగట్టడమే సీసా మీది రాత చేసే పని.

పోనీ, వేస్తే నష్టమేమిటంటారా? లాబ్రడార్లలో కాలేయంలో రాగి పేరుకునే జబ్బు వంశపారంపర్యంగా రావచ్చు. అలాంటి కుక్కకి రాగి చెంబు నీళ్లు, రాగి కలిసిన టానిక్కు మందులు కావు, మోత మీద మోత. పథ్యం పేరుతో గుడ్డూ మాంసం మాన్పించి గంజి పోయడం మరో పొరపాటు. అమ్మోనియా మెదడుకెక్కి, కుక్క గోడకి తల ఆనించి నిలబడే దశ వస్తే మాంసకృత్తులు ఎంత, ఎలాంటివి అన్నది డాక్టరు చూస్తారు. ఆ దశ రాకుండానే మాన్పిస్తే కండ కరుగుతుంది. అమ్మోనియాని అదుపు చేయడంలో కాలేయానికి తోడుగా ఉండేది ఆ కండే. అన్నిటికంటే పెద్ద నష్టం కాలం. ఎలుకల మూత్రం కలిసిన వాననీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి యాంటీబయాటిక్ ఉంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలకీ మందులున్నాయి. పసరుతో పదిరోజులు గడిస్తే ఆ మందులకి అదను దాటిపోవచ్చు.

“ఎంజైముల అంకె తగ్గిందండీ, సీసా పనిచేసినట్టేగా?” అని మాస్టారు అడిగారు. దెబ్బతిన్న కణాల్లోంచి కారితే ఎంజైములు రక్తంలో పెరుగుతాయి. కారడానికి కణాలే మిగలనప్పుడు కూడా అంకె తగ్గుతుంది. అందుకే ఆల్బుమిన్, పైత్య ఆమ్లాలు, స్కానింగ్ కలిపి చూడాలి.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. ఇక్కడ రోగికి నోరు లేదు. కోరేది మనం, కొనేదీ మనం. ఆ సీసా మానెయ్యమని నేను అనలేదు. జబ్బేమిటో తేలాక, డాక్టరు చెబితే, చెప్పిన మోతాదులో వెయ్యమన్నాను. దండ మాత్రం తీయించాను.

అదిప్పుడు వాళ్ల వరండాలో మేకుకి వేలాడుతోంది. నిన్న చూస్తే మరో బెత్తెడు దిగింది. మేకుకి కామెర్లు బాగానే తగ్గుతున్నట్టున్నాయి.