మౌస్ అందని చేతులకు కీబోర్డు

హాస్టల్లో చదువుకున్న మనలో చాలామందికి కంప్యూటరంటే పరిచయం కన్నా బెరుకే ఎక్కువ. ఇంట్లో కంప్యూటర్ లేదు. స్కూలు ల్యాబ్‌లో ఒక్కోదాని ముందు నలుగురం కూర్చుంటే మౌస్ ఒక్కరి చేతిలోనే ఉండేది. మిగతా ముగ్గురం చూసి నేర్చుకున్నాం.

చూసిన విద్యకూ చేతికొచ్చిన విద్యకూ తేడా మాకు పీజీలో తెలిసింది. ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తుండగా కరెంటు పోయింది. మేము కొట్టిన ఏడు పేజీలూ పోయాయి. పక్క సీటు మిత్రుడికి మాత్రం రెండు మూడు వాక్యాలే పోయాయి. పేరా అయినప్పుడల్లా అతను కంట్రోల్, ఎస్ కలిపి నొక్కేవాడు. ఆ ముక్క మాకు ముందుగా చెప్పినవారు లేరు. అందుకే ఇది రాస్తున్నాం. గంటకింత అని కట్టి నెట్ సెంటర్లో కూర్చునే మనకే ఈ షార్ట్‌కట్ల అవసరం ఎక్కువని మా అభిప్రాయం.

విండోస్ కంప్యూటర్లో కంట్రోల్‌తో సి నొక్కితే కాపీ, ఎక్స్ కట్, వి పేస్ట్. జెడ్ నొక్కితే ఇప్పుడే చేసిన పొరపాటు వెనక్కి పోతుంది. కట్, కాపీ, పేస్ట్ పద్ధతిని 1970లలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ రూపొందించారు. పాఠ్యపుస్తకాలు దిద్దే ఎడిటర్ల కోసం చేసిన పని అది. కనుక ఇది ఇంజనీర్ల విద్య అని ఎవరూ భయపడనక్కరలేదు.

యాభై పేజీల నోటిఫికేషన్‌లో మన జిల్లా పేరు వెతకాలంటే కంట్రోల్, ఎఫ్. దరఖాస్తులో ఒక గడి నుంచి మరో గడికి వెళ్ళాలంటే ట్యాబ్, వెనక్కి రావాలంటే షిఫ్ట్, ట్యాబ్. తెరిచి ఉన్న పనుల మధ్య మారడానికి ఆల్ట్, ట్యాబ్. మౌస్ మొరాయించినా పని ఆగదు.

వీటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాసుబుక్కు నెట్ సెంటర్ కంప్యూటర్లో ఎక్కిస్తాం. పని కాగానే లేచి వచ్చేస్తాం. ఆ కాపీలు అక్కడే ఉండిపోతాయి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి తెరిచిన కిటికీలో పని చేస్తే, దాన్ని మూసేశాక మన లాగిన్ ఆ బ్రౌజర్‌లో మిగలదు. దించుకున్న ఫైళ్ళు మాత్రం మిగులుతాయి. వాటిని ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా తొలగిపోతాయి. కాలేజీ ల్యాబ్‌లో మన లాగిన్‌తో ఉన్నప్పుడు కాసేపు లేవాల్సి వస్తే విండోస్, ఎల్ నొక్కి తాళం వేయాలి.

చేతిలో ఫోనుండగా ఇవన్నీ ఎందుకని కొందరు తమ్ముళ్ళు అడుగుతున్నారు. రేపు ఉద్యోగంలో చేరిన రోజున టేబుల్ మీద ఉండేది కీబోర్డే.

ప్రతి హాస్టల్ స్టడీ హాల్లో ఈ షార్ట్‌కట్లు తెలుగులో రాసిన చార్టు ఒకటి అంటించాలని మా కోరిక. పాత విద్యార్థులు వచ్చినప్పుడు ఒక గంట కూర్చుని ఐదుగురికైనా నేర్పాలి. నేర్పేటప్పుడు మౌస్ తమ చేతిలో పెట్టుకోకూడదు. కీబోర్డు తమ్ముళ్ళ ముందుకు జరపాలి.