సవాల్ ఎవరిది?

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులోకి వచ్చేసరికి అది పందెమైంది. రోబో పోటీల్లో స్పాన్సర్లు మన పిల్లల ముందు పెడుతున్నది పందెమే, ప్రశ్న కాదు. నా పేచీ అక్కడే.

ఫస్ట్ లెగో లీగ్‌నే తీసుకోండి. మన దేశంలోనూ జరుగుతుంది. రెండున్నర నిమిషాల్లో రోబో బల్ల మీద తనంతట తాను పనులు చక్కబెట్టాలి. పిల్లలు ఒక సమస్య ఎంచుకుని జవాబు కూడా వెతకాలి. కాకపోతే ఆ సమస్య ఆ ఏటి థీమ్‌లోంచే రావాలి. 2022-23లో ఇంధనం, 2024-25లో సముద్రం. సీజన్ పేరు పక్కన సమర్పణ క్వాల్‌కమ్. రోబోకి వాడే సామాను లెగో వాళ్లదే అయ్యుండాలని షరతు. సైకిల్ చువ్వ, గొడుగు ఊచ నడవవు. ఉన్నదాంతో పని గడిపెయ్యడం మన షెడ్ల హునర్. పొన్నూరులో ట్రాక్టర్లు బాగుచేసే ఉస్తాదులు ఆ షరతు దగ్గరే ఫెయిల్!

"స్పాన్సర్ లేకపోతే పైసలెవరిస్తారు సాబ్?" అంటారు. తీసుకోండి, ఎవరొద్దన్నారు? బేనర్ మీద పేరు వేయండి, శుక్రియా చెప్పండి. ప్రశ్నపత్రం కూడా వాళ్ల చేతికే ఎందుకివ్వాలి? ఉర్దూలో సవాలీ అంటే చేయి చాచేవాడు కూడా. మన బడుల్ని సవాలీలుగా నిలబెట్టి, సవాల్ మాత్రం వాళ్ల జేబులో పెట్టుకుంటున్నారు.

సర్కారు వారి మెహర్బానీ ఇంకో తీరు. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలయ్యాయి. బడికి 20 లక్షలు. మంచిదే. కానీ మైదాన ప్రాంతంలో 1500 చదరపు అడుగుల జాగా చూపించమన్నారు. రెండు గదుల ఉర్దూ మీడియం బడికి అంత జాగా ఎక్కడిది? ల్యాబ్ అవసరం ఎక్కువున్నవాడినే గుమ్మం బయట ఆపడం ఏం ఇన్సాఫ్?

ప్రశ్నలకు మన దగ్గర కరువా? గుంటూరు మిర్చి షెడ్లలో ఆడవాళ్లు పొద్దంతా కింద కూర్చుని చేత్తో తొడిమలు తీస్తారు. వేళ్లు మండుతాయి, ఘాటుకి దగ్గు తెగదు. ఆ చేతులతోనే ఇంటికెళ్లి పసిబిడ్డని ఎత్తుకోవాలి. కాయ చిట్లకుండా తొడిమ తీసే చిన్న మిషన్, నలుగురు ఆడవాళ్లు కలిసి కొనుక్కోగలిగేది, చేయగలరా? అది వస్తే కూలి పోతుందేమో. అప్పుడు మిషన్ షావుకారుదా, వాళ్లదా? ఇది ఆ పిల్లలే వెళ్లి ఆ అమ్మల్ని అడిగి తెలుసుకోవాలి. బల్ల మీది రోబోకి ఈ తలనొప్పి లేదు.

నిడుబ్రోలు మన పొన్నూరులో భాగమే. ఎన్.జి. రంగాగారు అక్కడ రైతుల కోసమే బడి పెట్టారు. ఆ ఊరి పిల్లలకి పంట మీద ప్రశ్న బయటివాళ్లు రాసివ్వాలా?

టీమ్ కట్టే మాస్టార్లకి ఒకటే అర్జీ. కిట్టు విప్పకముందే పిల్లల్ని ఒకరోజు షెడ్డుకి తీసుకెళ్లండి. ఎండాకాలంలో, సీజన్ మీదున్నప్పుడు. మొహానికి రుమాలు కట్టుకోవడం మరచిపోకండి.