గురి ఒక్కటే చాలదు, గుమ్మమూ ఉండాలి



2026 జనవరి 3న లండన్ నగరంలోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ప్రపంచ డార్ట్స్ పోటీ ముగిసింది. పద్దెనిమిదేళ్ళ ల్యూక్ లిట్లర్ తుదిపోరులో నెదర్లాండ్స్‌కు చెందిన జియాన్ వాన్ వీన్‌ను 7-1 సెట్లతో ఓడించి వరుసగా రెండవసారి విజేతగా నిలిచాడు. బహుమతి పది లక్షల పౌండ్లు. పత్రికలన్నీ ఆ పిల్లవాని వయస్సును, ఆ సొమ్మును పక్కపక్కన పెట్టి వ్రాశాయి. వ్రాయదగినవే. అయితే ఈ వేడుకలో నన్ను ఆలోచింపజేసిన విషయం వేరొకటి ఉన్నది. ఆ వేదిక మీదికి ఎవరిని రానిచ్చారు, ఏ లెక్కన రానిచ్చారు అన్నదే ఆ విషయం.

తెలుగు పండితునికి ఈ విదేశపు ఆటతో పనేమిటని మీరు అడగవచ్చును. ఉద్యోగకాలమంతా పాఠశాల ఆటల ఎంపికలు చూసినవాణ్ణి. మైదానంలో జరిగే పోటీ కంటె, మైదానంలోకి ఎవరు దిగాలో తేల్చే పోటీయే కఠినమైనదని నాకు బోధపడింది. డార్ట్స్ ఆట చరిత్ర ఆ సంగతినే మరింత విశదంగా చెబుతున్నది కనుక ఈ టపా.

ముందు ఆటను గురించి నాలుగు మాటలు. ఆంగ్లేయ ఆటగాళ్ళు తమలో తాము డార్టులను బాణాలనే అంటుంటారు. విల్లు లేని బాణం కనుక మనం ములుకు అనుకుందాం. ములుకులాట అంటే చెవికి పరాయిగా ఉండదు. గోడకు తగిలించిన గుండ్రని పలక నడిబొట్టు నేలకు 5 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉండాలి. ఆటగాడు 7 అడుగుల 9¼ అంగుళాల దూరంలో గీత వెనుక నిలబడాలి. ఆ పలకను సైసల్ నారతో చేస్తారు. మన పొలాల గట్ల మీద పెరిగే కిత్తనార జాతిదే ఆ మొక్క. ఇద్దరూ 501 దగ్గర మొదలుపెట్టి, విడతకు మూడేసి ములుకులు విసురుతూ, వచ్చిన అంకెలను తీసివేసుకుంటూ సరిగ్గా సున్నకు చేరాలి. ఆఖరి ములుకు రెట్టింపు వలయంలో గాని నడిబొట్టులో గాని దిగితీరాలి. అత్యధికమైన ఇరవైకి అటు ఒకటి, ఇటు అయిదు కాపలా ఉంటాయి. వెంట్రుకవాసి తప్పితే అరవై రావలసిన చోట ఒకటి వస్తుంది.

ఇంత తక్కువ సామగ్రితో నడిచే ఆట మరొకటి అరుదు. పలక, మూడు ములుకులు, ఒక గోడ ఉంటే చాలును. గుర్రమక్కరలేదు, పచ్చికమైదానమక్కరలేదు. కాబట్టే బ్రిటన్‌లో ఇది పానశాలల్లో, గని కార్మికుల సంఘాల్లో, సామాన్యుల మధ్య పెరిగింది. ఎవరైనా ఆడగలిగిన ఆటకు ప్రపంచస్థాయి పోటీ పెట్టినప్పుడు, ఎవరైనా రాగలిగిన తోవ కూడ వేయాలి కదా. అక్కడే చిక్కంతా వచ్చింది.

బ్రిటిష్ డార్ట్స్ ఆర్గనైజేషన్ 1973లో ఓలీ క్రాఫ్ట్ ఆధ్వర్యంలో ఏర్పడింది. 1978లో నాటింగ్‌హామ్‌లో మొదటి ప్రపంచ పోటీ నిర్వహించింది. వచ్చినవారు పదహారుగురు. గెలిచిన వేల్స్ దేశస్థుడు లైటన్ రీస్‌కు ముట్టినది 3,000 పౌండ్లు. కొంతకాలం వైభవంగా సాగిన తరువాత టెలివిజన్ ప్రసారాలు తగ్గాయి, ఆటగాళ్ళ రాబడి కుదించుకుపోయింది. 1992లో ప్రముఖ ఆటగాళ్ళు వేరుపడి తమ సొంత మండలిని ఏర్పాటు చేసుకున్నారు. పాత సంస్థ వారిని తన పోటీలలో ఆడరాదని నిషేధించింది. 1994 నుంచి రెండు ప్రపంచ పోటీలు, ఇద్దరేసి ప్రపంచ విజేతలు. వివాదం న్యాయస్థానానికి ఎక్కింది. 1997లో కుదిరిన రాజీతో ఆటగాడు తనకిష్టమైన పోటీలో ఆడుకునే స్వేచ్ఛ ఖాయమయింది. వేరుపడ్డ మండలి ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్ అని పేరు మార్చుకున్నది. నేటి అలెగ్జాండ్రా ప్యాలెస్ పోటీ దానిదే. పాత సంస్థ 2020లో మూతపడింది.

ఈ కథలో ఎవరిది న్యాయమో తేల్చడం నా ఉద్దేశం కాదు. ఒక్క నీతిని మాత్రం గ్రహించాలి. గుమ్మం దగ్గర నిలబడి వద్దనే అధికారం తనకున్నదని నమ్ముకున్న సంస్థ, ఆ అధికారంతోనే బతకలేకపోయింది. ఆటగాళ్ళు లేని వేదికకు ప్రపంచమని పేరు పెట్టినంత మాత్రాన ప్రపంచం రాదు.

సరే, ఇప్పటి గుమ్మం ఎట్లా ఉన్నది? 2026 పోటీలో 128 మంది ఆడారు. వారికి మూడు తోవలు. మొదటిది ప్రధాన పట్టిక. గత రెండేళ్ళలో గెలుచుకున్న బహుమతి సొమ్మును కూడి, అందులో మొదటి నలభై మందిని తీసుకుంటారు. రెండవది ఏడాది పొడుగునా జరిగే వృత్తి ఆటగాళ్ళ పోటీల పట్టిక. ప్రధాన పట్టికలో రానివారి నుండి మరి నలభై మంది. మూడవ తోవలో నలభై ఎనిమిది మంది. ఆయా దేశాల, ఖండాల అర్హత పోటీలలో నెగ్గినవారు, మహిళల పోటీల నుండి వచ్చినవారు, యువకుల పోటీల నుండి వచ్చినవారు ఇందులో ఉంటారు.

మొదటి రెండు తోవలలో ఒక గొప్ప సుగుణం ఉన్నది. ఎంపిక సంఘం లేదు, సిఫారసు లేదు, ఫలానావారి అబ్బాయి అనే మాట లేదు. గెలిచిన ప్రతి పౌండూ పట్టికలో కనిపిస్తుంది. ఎవరి స్థానం ఏదో ఎవరైనా కూడుకొని చూసుకోవచ్చును. మన దేశంలో ఆటల ఎంపికలను ఎరిగినవారికి ఈ పారదర్శకత ముచ్చట గొలుపుతుంది.

సుగుణం వెంటనే లోపమూ ఉన్నది. ఆ పట్టికలలోకి ఎక్కాలంటే వృత్తి పోటీలలో ఆడాలి. వాటిలో నిలకడగా ఆడాలంటే టూర్ కార్డు కావాలి. ఆ కార్డులు 128 మాత్రమే, గడువు రెండేళ్ళు. కొత్తవారు ప్రతి జనవరిలో బ్రిటన్‌లోనో, ఐరోపా ఖండంలోనో జరిగే అర్హత పరీక్షకు హాజరు కావాలి. కార్డు దొరికినా ఏడాదికి ముప్పైకి పైగా పోటీలు. లెస్టర్, విగన్, జర్మనీలోని హిల్డెస్‌హైమ్ వంటి చోట్ల వారాల కొలది తిరగాలి. మాంచెస్టర్ కుర్రవానికి అది బస్సు ప్రయాణం. మనీలా కుర్రవానికో, ముంబయి కుర్రవానికో అది విమానం టిక్కెట్టు, వీసా, బస, పోయిన జీతం. సొమ్ముతో కొలిచే పట్టికలో సొమ్ము ఖర్చు పెట్టగలిగినవాడే ముందు నిలబడతాడు. కొలబద్ద నిష్పక్షపాతమైనదే. దాని దగ్గరికి వెళ్ళే దారి మాత్రం అందరికీ ఒకే దూరం కాదు.

ఆ దూరాన్ని కొంతైనా తగ్గించడానికే మూడవ తోవ. దీని మీద విమర్శ లేకపోలేదు. “పట్టికలో ఎనభై ఒకటవ స్థానంలో ఉన్న ఆంగ్లేయుడు, ఎక్కడినుండో వచ్చే అర్హతాపోటీ విజేత కంటె మెరుగైన ఆటగాడు కదా, వానిని ఇంటి దగ్గర కూర్చోబెట్టి వీనిని పిలవడం ప్రపంచ పోటీ ప్రమాణాన్ని దించడం కాదా?” అంటారు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదిది. ఎనభై ఒకటవవాని కష్టమూ కష్టమే. అయినా దీనికి సమాధానం ఆట చరిత్రలోనే దొరుకుతున్నది.

మహిళలకు రెండు ప్రత్యేక స్థానాలు 2018 డిసెంబరులో మొదలైన పోటీ నుండి ఇచ్చారు. అప్పుడు పెదవి విరిచినవారున్నారు. మరుసటి ఏడాదే, 2019 డిసెంబరు 17న, ఆ తోవలో వచ్చిన ఫాలన్ షెరాక్ టెడ్ ఎవెట్స్‌ను 3-2తో ఓడించింది. ఈ పోటీలో ఒక స్త్రీ పురుషునిపై గెలవడం అదే ప్రథమం. కొద్ది రోజులలోనే ఆమె పదకొండవ సీడు మెన్సూర్ సుల్యోవిచ్‌ను కూడ 3-1తో ఓడించింది. ఒక్కసారి గెలిస్తే అదృష్టమనవచ్చు, రెండవదాన్ని ఏమంటాం? ఆమె చేతిలోని గురి ఆ డిసెంబరులో పుట్టినది కాదు. గుమ్మం తెరిచాక లోకానికి కనబడింది, అంతే.

వయస్సు సంగతి చూడండి. పాల్ లిమ్ 1990లో, అమెరికా తరఫున ఆడుతూ, ప్రపంచ పోటీ చరిత్రలో మొట్టమొదటిసారిగా తొమ్మిదే ములుకులతో 501ని ముగించాడు. అంతకంటె తక్కువలో ముగించడం సాధ్యం కాదు. ఆ ఒక్క ఆటకు అతనికి 52,000 పౌండ్లు వచ్చాయి. ఆ ఏడాది విజేతకు వచ్చినవి 24,000 మాత్రమే. అదే లిమ్ ఇప్పుడు సింగపూర్ ఆటగాడు. 2025 డిసెంబరులో, 71 ఏళ్ళ వయస్సులో, ఆసియా తోవలో వచ్చి ఒక రౌండు గెలిచాడు. నాబోటి పదవీవిరమణ చేసినవాళ్ళం పత్రిక మడిచి పెట్టి ఒకసారి నిటారుగా కూర్చోవలసిన వార్త!

మన దేశపు నితిన్ కుమార్ మాట అన్నిటికంటె ముఖ్యం. 2018 డిసెంబరులో ఆ వేదిక ఎక్కి మొదటి రౌండులోనే ఓడిపోయాడు. తరువాత మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ మళ్ళీ ఓడాడు. ప్రత్యేక స్థానాలు దండుగ అనేవారికి అతడు చక్కని ఉదాహరణగా పనికివచ్చాడు. 2025 డిసెంబరులో నెదర్లాండ్స్ ఆటగాడు రిచర్డ్ వీన్‌స్ట్రాను 3-2తో ఓడించాడు. ఆ పోటీలో ఒక భారతీయుడు గెలిచిన తొలి ఆట అది. ఏడేళ్ళు పట్టింది. మొక్క నాటిన ఏడాదే కాయలు కాయలేదని పీకివేసి ఉంటే ఏడవ ఏట కాపు ఎక్కడిది?

ఇంతకూ ప్రమాణం పడిపోతుందని వాదించేవారు ఆకాశానికెత్తే లిట్లర్ మొదట ఏ గుమ్మం నుండి వచ్చాడు? 2023 డిసెంబరులో, పదహారేళ్ళ వయస్సులో, టూర్ కార్డు లేకుండా, యువకుల పోటీల తోవలో వచ్చాడు. సొమ్ము పట్టికే ఏకైక కొలబద్ద అయి ఉంటే ఆ ఏడాది అతనికి ప్రవేశం లేదు. వచ్చినవాడు తుదిపోరు దాకా వెళ్ళి ల్యూక్ హంఫ్రీస్ చేతిలో ఓడాడు. రన్నరప్‌గా దక్కిన 2,00,000 పౌండ్లతో ఒక్క గంతులో పట్టికలో మొదటి ముప్పై రెండుగురిలోకి చేరాడు. 2025 జనవరిలో పదిహేడేళ్ళకే జగజ్జేత అయ్యాడు. నేటి సింహద్వారపు రాజు నిన్న పక్కగుమ్మంలోంచి వచ్చినవాడే.

మన భారతంలో ఈ తర్కం ఎప్పుడో జరిగింది. ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా సందర్శన ఘట్టం మీకందరికీ తెలిసినదే. కర్ణుడు రంగంలోకి వచ్చి అర్జునుడు చూపిన విద్యలన్నీ తానూ చూపాడు. గురి సరిపోయింది. అయినా కృపుడు కులగోత్రాలు అడిగాడు. కర్ణుడు తల వంచుకున్నాడు. దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చి అర్హత కల్పించాడు. విద్య పదిమంది కళ్ళెదుట నిలబడి ఉన్నా, కిరీటం లేనిదే పోటీకి పనికిరాదన్న నియమం ఎంత చేటు తెచ్చిందో తక్కిన పర్వాలన్నీ చెబుతాయి. నియమం సబబుగా ఉంటే కర్ణుడు ఒకరి ఉప్పుకు జీవితమంతా బందీ కావలసిన పని లేదు. ఏకలవ్యునికైతే గుమ్మమే లేదు.

కాబట్టి నిర్వాహకులకు నా మనవి ఇది. అంతర్జాతీయ పోటీ పెట్టేవారెవరైనా, అది ములుకులాట కానీండి, చదరంగం కానీండి, మొదటి ఆట మొదలు కాకముందే అర్హత నియమాలు ప్రకటించాలి, నడుమ మార్చరాదు. నిలకడగా ఆడేవానికి ఒక తోవ, ఒక్కరోజు చెలరేగి ఆడే అనామకునికి మరొక తోవ, రెండూ ఉండాలి. మొదటిది లేకపోతే గాలివాటపు గెలుపులకు పెద్దపీట వేసినట్లవుతుంది. రెండవది లేకపోతే ఉన్నవాళ్ళే ఉంటారు. ఒక ప్రాంతానికి ఒక్క స్థానం ఇచ్చి చేతులు దులుపుకోవడమూ తగదు. ఏటా ఒకే ఒక్క అర్హత పోటీతో ఆట పెరగదు. ఆసియాలో వరుస పోటీలతో ఒక పట్టిక నడుపుతున్నారు. మన దేశంలోనూ అటువంటిది ఊరూరా తిరిగి జరిగితే, నితిన్ కుమార్ వెనుక నలుగురు నిలబడతారు. పలక ఖరీదు క్రికెట్ బ్యాటు ఖరీదును మించదు. కావలసినది ఒక గోడ, ఒక తారీఖు, నిజాయితీ గల ఒక పట్టిక.

ఎనభై ఒకటవ స్థానపు ఆంగ్లేయునికి అన్యాయం జరగలేదా అంటే, అతనికి వచ్చే ఏడు ముప్పైకి పైగా అవకాశాలున్నవి, ఇంటికి దగ్గరలో. దూరదేశపు ఆటగానికి ఉన్నది ఒక్కటే. ఒక్కటే ఉన్నవాని చేతిలోది లాగి ముప్పై ఉన్నవానికి ఇవ్వడాన్ని ప్రమాణమని నేను అనలేను.

భిన్నాభిప్రాయం కలవారు నిస్సంకోచంగా వ్రాయండి. పట్టిక ఒక్కటే చాలుననే వాదాన్ని సమర్థంగా వినిపించేవారుంటే వినాలని ఉన్నది.

స్వస్తి.