ప్యాటన్ పక్కన నాలుగు తెలుగు వాక్యాలు

హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిలబెట్టిన ప్యాటన్ ట్యాంకు దగ్గర ఫొటో దిగినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. దాన్ని చూడగానే పిల్లలు అడిగేది ఒకటే: "ఇది మనదేనా?" కాదమ్మా, పాకిస్తాన్‌ది, యుద్ధంలో పట్టుకున్నాం అంటాం. అంతటితో ఊరుకోరు కదా. ఎవరు పట్టుకున్నారు, ఎక్కడ, అందులో ఉన్నవాళ్లు ఏమయ్యారు అంటారు. అక్కడ మనం మాట మార్చేస్తాం. పిల్లలకు ఆ జవాబులు తెలుగులో దొరకాలని, అవి తెలిసినవాళ్లు మన మధ్య ఉండగానే రాసి పెట్టుకోవాలని ఈ విజ్ఞప్తి.

ప్యాటన్ అమెరికా తయారీ. సైనిక సాయం కింద అది పాకిస్తాన్ చేతికి వచ్చింది. 90 మిల్లీమీటర్ల ఫిరంగి, దళసరి ఉక్కు కవచం, 40 టన్నులు దాటిన బరువు. 1965లో దానికి ఎదురుగా నిలబడిన మన డెక్కన్ హార్స్ దగ్గర ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులు. డెక్కన్ హార్స్ పేరు వినగానే తెలుగువాడికి మనసులో ఏదో కదలాలి. నిజాం కొలువులో 1790లో మొదలైన గుర్రపు దళమే తరవాత ఆ రెజిమెంటు అయింది. సెప్టెంబరు 8 నుంచి 10 దాకా పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ పొలాల్లో ఆ పాత షెర్మన్లూ, థర్డ్ కావల్రీ రెజిమెంటు సెంచూరియన్ ట్యాంకులూ చెరకు తోటల్లో గుర్రపు నాడా ఆకారంలో మాటు వేశాయి. పొలాలకు నీళ్లు వదిలారు. ప్యాటన్లు ఆ బురదలో దిగబడ్డాయి. 4 గ్రెనేడియర్స్‌కు చెందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన గన్‌తో ఒకదాని తరవాత ఒకటి ప్యాటన్లను కొట్టి, అక్కడే ప్రాణాలు వదిలాడు. ఆయనకు పరమవీరచక్ర ఇచ్చారు. డెక్కన్ హార్స్‌ను నడిపిన వైద్య అనే అధికారి తరవాతి కాలంలో సైన్యాధిపతి అయ్యారు. యుద్ధం ముగిశాక పట్టుబడ్డ ట్యాంకులను భిఖివిండ్ దగ్గర వరసగా నిలబెడితే, జనం ఆ చోటును ప్యాటన్ నగర్ అన్నారు. అక్కడి నుంచే అవి దేశంలోని కంటోన్మెంట్లకూ పట్టణాలకూ చేరాయి.

1971 యుద్ధం మనకు ఇంకా దగ్గరి సంగతి. సికింద్రాబాద్ స్థావరంగా ఉన్న 54వ పదాతి డివిజన్ ఆ డిసెంబరులో షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దాటి పోరాడింది. ప్యాటన్ల ఎదురుదాడిని ఆపుతూ 21 ఏళ్ల ట్యాంకు అధికారి అరుణ్ ఖేతర్‌పాల్ డిసెంబరు 16న చనిపోయాడు. మర్నాడే కాల్పుల విరమణ. అప్పటికి ఇరవయ్యేళ్లున్న జవాన్లు ఇప్పుడు డెబ్బయి దాటారు. 1965లో ఉన్నవాళ్లయితే ఎనభై. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్నాయి, శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా మాజీ సైనికుల కుటుంబాలున్నాయి. తాతయ్య యుద్ధం గురించి ఎప్పుడూ పెద్దగా చెప్పరండీ అనే మాట ఆ ఇళ్లలో తరచూ వింటాం. కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేకపోవడమూ అందుకు కొంత కారణమని నా నమ్మకం. దయచేసి అడగండి. ఫోన్ పక్కన పెట్టి రికార్డు నొక్కండి. ఏ రెజిమెంటు, ఏ సెక్టారు, ఆ రాత్రి ఏం తిన్నారు, పక్కనున్నవాడి పేరేమిటి అని అడగండి. వీరగాథే చెప్పమని బలవంతపెట్టకండి. భయపడ్డానని చెబితే దాన్నీ అలాగే ఉంచండి.

ట్యాంకు కూడా చాలా చెబుతుంది, దగ్గరికి వెళ్లి చూస్తే. ముందు భాగంలో, కుడివైపు, డ్రైవరు పక్కన చిన్న మెషిన్ గన్ అమర్చిన గుండ్రటి చోటు ఉందా? ఉంటే అది ఎం-47. అందులో ఐదుగురు కూర్చునేవారు. ఆ గన్ లేకుండా, ముందు భాగం పడవ అడుగులా వంపు తిరిగి ఉంటే ఎం-48, నలుగురిది. తరవాత చుట్టూ తిరిగి పక్క కవచం మీద చెయ్యి పెట్టి వెతకండి. గుండు కవచాన్ని చొచ్చుకుపోయిన చోట రంధ్రం అంత పెద్దగా ఏమీ ఉండదు. అంచు మాత్రం కరిగి చల్లారినట్టు నున్నగా, కొద్దిగా బయటికి పొంగి ఉంటుంది.  పోత పోసిన ఉక్కు మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు ఆ ట్యాంకు పుట్టుక వివరాలు. అంకె కనబడితే ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక్కడే మునిసిపాలిటీ వారికీ, పార్కు నిర్వహించేవారికీ ఒక మనవి. ఆగస్టు 15 వచ్చిందంటే ఇలాంటివాటికి కొత్త రంగు వేస్తాం. మీ ఉద్దేశం మంచిదే. కానీ పూత మీద పూత పడేకొద్దీ అంకెలు పూడిపోతాయి, గుర్తులు మాసిపోతాయి. గుండు రంధ్రాన్ని లప్పం పెట్టి మూసేస్తే, ఆ ట్యాంకును అక్కడికి తెచ్చిన కారణమే మూసుకుపోతుంది. పైనుంచి మెరిపించేకంటే లోపల నిలిచిన వాననీళ్లు బయటికి పోయే దారి చూడండి. ట్యాంకులు తుప్పు పట్టేది ఎక్కువగా అడుగు నుంచే. రంగు తప్పదనుకుంటే, వేసేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయించండి.

ఇవి పోవు, ఉక్కు కదా అనుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆస్ట్రేలియాలో జర్మన్ ఫిరంగులను జనాభాను బట్టి ఊరూరికీ పంచారు. పెద్ద ఊరికి ఫిరంగి, చిన్న ఊరికి మెషిన్ గన్. ఎంతో వేడుకగా పార్కుల్లో నిలబెట్టుకున్నారు. ఎండకూ వానకూ చెక్క చక్రాలు చివికిపోయాయి, తెచ్చినవాళ్లు గతించారు, పేర్లు మరిచిపోయారు. చాలావాటిని పాత ఇనుముగా కరిగించారు, కొన్నింటిని గొయ్యి తీసి పూడ్చేశారు. 1918లో క్వీన్స్‌లాండ్ సైనికులు పట్టుకున్న మెఫిస్టో అనే జర్మన్ ట్యాంకు మాత్రం ఏ బెటాలియన్ తెచ్చిందో తెలుస్తూ నిలిచింది. ఆ రకం ట్యాంకుల్లో ప్రపంచంలో ఇప్పుడు మిగిలింది అదొక్కటే. బ్రిస్బేన్‌లో ఉన్న తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. పక్కన రాసిపెట్టిన కథ కూడా చదివించండి.

మన ట్యాంకుల పక్కన పెట్టే బోర్డు మీద ఏం రాయాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. శత్రువును తిట్టే మాటలు వద్దని నా మనవి. వైజాగ్‌నే చూడండి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం 1996లో కట్టుకున్నాం. నేవీ మాత్రం ఘాజీని చనిపోయినవాళ్ల మీద గౌరవంతో సముద్రంలోనే ఉండనిచ్చింది. మన నేవీకి ఉన్న ఆ మర్యాద మన బోర్డుకూ ఉండాలి. ట్యాంకు ఏ దేశంలో తయారైంది, ఏ తేదీన ఏ పొలంలో ఆగింది, ఎవరు ఆపారు, మనవాళ్లు ఎవరెవరు చనిపోయారు, అవతలివాళ్లు ఏమయ్యారో తెలిస్తే అదీ. నాలుగు వాక్యాలు చాలు, వాడుక తెలుగులో, పదేళ్ల పిల్లాడి కళ్లకు అందే ఎత్తులో. తెలియనిదాన్ని ఊహించి రాయడం కంటే ఆ వాక్యం ఖాళీగా వదలడం మేలు.

మీ ఊళ్లోనో, మీ కాలేజీ గేటు దగ్గరో, ఏ కూడలిలోనో ఇలాంటి ట్యాంకు, ఫిరంగి ఉంటే ఈ నెలలోనే ఒకసారి వెళ్లిరండి. సోషల్ టీచర్లూ, ఎన్‌సీసీ పిల్లలూ ఈ పని చక్కగా చేయగలరు. ఫొటోలు, అంకెలు, పాత పత్రికల్లో దొరికిన ప్రారంభోత్సవం వార్త, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఆ ట్యాంకును పట్టుకున్న రెజిమెంటులో పనిచేసినవారు చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. వారిని రమ్మని అడగకండి, నడవలేనివారు ఉంటారు, మీరే ఇంటికి వెళ్లండి. డిసెంబరు 16 విజయ్ దివస్ నాటికి బోర్డు ముసాయిదా సిద్ధం చేసి, అది నిజమో కాదో వారి చేతే చదివించి, తప్పులు దిద్దించుకుని, ఆ కాగితం పట్టుకుని మునిసిపల్ కమిషనర్ దగ్గరికి వెళ్లండి.