నావయా? వినోదవనమా?



సెలవులు దగ్గరపడిన కొలదిని ప్రతి గృహమునందును ఒక వివాదము మొదలగును. ఎనిమిదేండ్ల పిల్లవాడు మొదలు పదునైదేండ్ల పిల్లవఱకు వినోదవనమునకు పోవలెనందురు. అత్తగారును, మామగారును గోదావరిమీద లాంచీలో పోయి పాపికొండలు చూచిరావలెనందురు. ఇంటి యజమానుడు టిక్కెట్ల ధరలు లెక్కవేయుచు కూర్చుండును. వీరందఱి నడుమ గృహిణి అభిప్రాయము నడుగువారరుదు. అడిగినను, "మీ యిష్టమే నా యిష్టము" అని పలికి వంటయింటిలోనికి పోవుట మనకు అలవాటు. ఈ నెల మనము ఆ మాట పలుకక, ఈ రెండు విహారములను ప్రక్కప్రక్కన నిలిపి మన కన్నులతో చూతము.

నావ యనగానే నేడు కొందఱకు సముద్రముమీది మహానౌక తోచును. విశాఖపట్టణపు రేవునకు 2022 జూనులో అట్టి విహారనౌక యొకటి వచ్చి యాత్రికులను గొనిపోయెను. మఱుసటియేడు, 2023లో, విహారనౌకలకై ప్రత్యేకముగా కట్టిన భవనమును అచ్చట ప్రారంభించిరి. అయినను ఆ ప్రయాణమునకు వలయు ధనము సామాన్య కుటుంబమునకు అందునది కాదు. మనలో పలువురకు నావ యనిన గోదావరి లాంచీయే. వినోదవనములలో హైదరాబాదు చెంతనున్న రెండింటి పేరు పిల్లల నోట తఱచుగా వినవచ్చును. 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ మొదటిది. 2016లో రావిరాలలో తెఱచిన వండర్లా రెండవది. మొదటిది చలనచిత్రములు తీయు స్థలము. ప్రపంచమున నింతకంటె పెద్ద చిత్రనిర్మాణస్థలము లేదని గిన్నిసు పుస్తకమున కెక్కినది. రెండవది పూర్తిగా యంత్రపు టూయెలలకును, జలక్రీడలకును ఏర్పడినది.

వినోదవనమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. భారతమందలి మయసభ కథను విని ముచ్చటపడిన మనము, నేటి మయసభలను చూచి ముఖము చిట్లించుట న్యాయము కాదు. ఫిల్మ్ సిటీలో ఒక వీధి ఉత్తరదేశపు నగరమువలె నుండును, మఱియొకటి పరదేశపు పట్టణమువలె నుండును. బాహుబలి చిత్రమునకై నిర్మించిన సెట్టుల ముందు నిలిచి, తెరమీద చూచిన మహారాజ్య మెట్లు కల్పింపబడినదో పిల్లలు తెలిసికొందురు. అదియు నొక చదువే. ఇక యంత్రపు టూయెలలన్ననో, అవి నిన్న మొన్నటి వేడుకలు కావు. 1893లో చికాగో ప్రదర్శనమునందు ఫెర్రిస్ అను ఇంజనీరు 36 పెట్టెలతో, పెట్టెకు 60 మంది చొప్పున నెక్కగల మహాచక్రమును నిలిపెను. 1955లో వాల్ట్ డిస్నీ అమెరికాలో తన వనమును తెఱచెను. మన జాతరలలోని రంగులరాట్నము వానికి చుట్టమే. ఎత్తునుండి జాఱునపుడు పిల్లవాడు వేయు కేకలోని సంతోషమును ఏ కొండయు నీయజాలదు.

అయితే విహారమేదైనను మేము ఒక్క ప్రశ్న వేయుదుము: అచ్చట మూటలు కాచునదెవరు?

పెద్ద యంత్రము లెక్కునపుడు కండ్లజోళ్లు, ఫోనులు, చేతిసంచులు విడిచిపోవలెను. వానిని పట్టుకొని క్రింద నిలుచునది తల్లి. యంత్రము దగ్గర ఎత్తు కొలుచు గుర్తుండును. దాని నందుకొనలేని చిన్నపిల్ల యేడ్చును. ఓదార్చునది మరల తల్లియే. జలక్రీడల తావున చీరతో దిగనీయరు, నూలుబట్టలును పనికిరావు, నైలాను దుస్తులే కావలెను. చెంగు ఎచ్చటనైన చిక్కుకొన్న ప్రాణాపాయము గదా! నియమము సరియైనదే. కాని దానివలన అత్తగారును, అట్టి దుస్తులకు సంకోచపడు కోడలును ఒడ్డుననే మిగులుదురు. సాయంకాలమునకు లెక్కచూచినచో తండ్రియు, బిడ్డలును పది యాటలాడియుందురు. ఆమె పదిమాఱులు సంచులు మోసియుండును. టిక్కెట్టు మాత్రము ఆమెకును కొన్నదే.

గోదావరి లాంచీలో ఈ చిక్కు లేదు. ఉదయమున గండిపోచమ్మ గుడిరేవున నెక్కినది మొదలు ఇంటివారందఱు నొక్కచోటనే కూర్చుందురు. మూట కాలిదగ్గర నుండును. ఫలహారమును, భోజనమును పడవవారే పెట్టుదురు. ఒకరు వండి తెచ్చిన యన్నమును అందఱతోపాటు కూర్చుండి తినుట గృహిణికి ఏటి కెన్నిమాఱులు దొరకును? నది పైకి పోయిన కొలదిని ఇరుగడల కొండలు దగ్గరకు జరుగును. నడుమ సాగు గోదావరి స్త్రీ తలలోని పాపిటవలె నుండుటచే పాపిడికొండలని పేరు వచ్చి, అదియే పాపికొండలైనదని చెప్పుదురు. ఆ యడవిని 2008లో జాతీయవనముగా ప్రకటించిరి. పేరంటపల్లి దగ్గర దిగి శివుని దర్శింపవచ్చును. కొండజాతివారు వెదురుతో చేసిన వస్తువులను కొనవచ్చును. మామగారికి మోకాలినొప్పి యున్నను చింత లేదు. కొండలే ఆయన చెంతకు నడచివచ్చును.

లాంచీకిని లోపములు గలవు. మూడవ గంటకే పిల్లలకు విసుగు పుట్టును. ఆ విసుగు పోగొట్టుటకై పడవవారు పెద్ద గొంతుకతో పాటలు పెట్టి ఆటలాడింతురు; అడవి నిశ్శబ్దము కోరి వచ్చిన పెద్దలకు అది తలనొప్పి. మఱుగుదొడ్డి సదుపాయమును ముందుగానే విచారించి తెలిసికొనవలెను. సిగ్గుపడి అడుగకపోయినచో దినమంతయు మంచినీరు త్రాగక బాధపడుదుము. మా యింటివంటి బడిపంతుళ్ల యిండ్లలో మఱియొక ప్రమాదము గలదు: నది కనబడగానే భూగోళపాఠము మొదలగును. ఆ దినమునకు పాఠము వలదని ముందే మాట తీసికొనుట మేలు.

ఇవి చిన్న లోపములు. పెద్దదానిని దాచి నావను మెచ్చుకొనుట అధర్మము. 2017 నవంబరు 12వ తేదీన, కార్తికమాసపు ఆదివారమునాడు, కృష్ణానదిలో పవిత్రసంగమము చెంత విహారపు పడవ తిరుగబడి 20 మందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతియే లేదు. రెండేండ్లు నిండకమునుపే, 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదతో పొంగుచుండగా కచ్చులూరు దగ్గర 77 మందితో పోవుచున్న లాంచీ మునిగెను. 26 మంది మాత్రమే బ్రతికిరి. ఒడ్డునున్న గ్రామస్థులు నాటుపడవలమీద పోయి వారిని కాపాడిరి. మునిగినవారును మనవలెనే సెలవునాడు పిల్లలతోను, పెద్దలతోను పాపికొండలు చూడబోయినవారే. పిమ్మట బోటు విహారములను చాలకాలము నిలిపిరి. పడవలను కనిపెట్టియుండుటకై 2020లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 9 చోట్ల కంట్రోల్ రూములు నెలకొల్పెను. ఏర్పాట్లు మెఱుగైనవి గదా యని మన కన్నులు మనము మూసికొనరాదు.

రామాయణమున గంగ దాటవలసివచ్చినపుడు గుహుడు దిట్టమైన నావను, దానిని నడుపువానిని చూచి మఱి తెప్పించెను. రాముడు ముందుగా సీతను ఎక్కింపజేసెను. నది నడుమ సీత గంగకు మ్రొక్కుకొనెను. నావ దిట్టముగా నున్నది గదా యని ఆమె మ్రొక్కు మానలేదు. మ్రొక్కు గలదు గదా యని గుహుడు నావను చూచుట మానలేదు. మనకును రెండును కావలెను.

కావున రేవున కాలు పెట్టినపుడు నాలుగు ప్రశ్న లడుగుడు. పడవకు అనుమతి గలదా, ఎంతమందికి గలదు? ఎక్కినవారెందఱు? ప్రతివారికి లైఫ్ జాకెట్టు గలదా, పిల్లల యొడలికి సరిపోవునవి వేఱుగా నున్నవా? పై ప్రాంతమున వానలు కురిసి నది పెరుగుచున్నదా? జాకెట్టును కుర్చీమీద పెట్టుటకు కాదు, తొడిగి కట్టుకొనుటకు ఇచ్చుదురు. ఉక్కగా నున్నదని గాని, ఫొటోలో బాగుండదని గాని దానిని విప్పరాదు. ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము రానిచో, కట్టిన సొమ్ము పోయినను ఒడ్డుననే నిలువుడు. "అందఱు నెక్కుచుండగా నీకేల భయము?" అని ఇంటివారు నవ్వవచ్చును. నవ్వనిండు. మునుపు ఎక్కినవారును అందఱు నెక్కుచున్నారనియే ఎక్కిరి.

వినోదవనమునందును జాగ్రత్త వలయును. ఎత్తు చాలని బిడ్డను మునివ్రేళ్లమీద నిలిపి కొలత దాటించు తల్లిదండ్రులు లేకపోలేదు. ఆ కొలత బిడ్డను చిన్నబుచ్చుటకు కాదు. నడుముపట్టీ చిన్న యొడలిని గట్టిగా పట్టియుంచజాలదు. గర్భిణులును, గుండెజబ్బు గలవారును వేగపు యంత్రముల నెక్కరాదు. నీటిమడుగు లోతు మోకాలిబంటియే యైనను పసివానిని విడిచి ప్రక్కకు చూడరాదు.

ఇక కాలము. బడిసెలవులు మూడు: దసరా, సంక్రాంతి, వేసవి. పంతుళ్ల కుటుంబములకు వేఱొక సమయమున కదలుటకు వీలులేదు; ఆ దినములలోనే లోకమంతయు కదలును. గోదావరికి ఆషాఢము మొదలు ఆశ్వయుజము వఱకు వరద భయముండును గనుక దసరాకు లాంచీ తలపే వలదు. సంక్రాంతినాటికి నది నెమ్మదించును, ఎండ మెత్తబడును. పండుగ మూడునాళ్లును ఇల్లు విడువజాలము గాని, తరువాత మిగిలిన దినములలో పోవచ్చును. వేసవిలో లాంచీ కప్పు క్రింద ఉక్క దుర్భరము. ఫిల్మ్ సిటీలో సెట్టుల నడుమ బస్సు త్రిప్పినను, దిగి నడువవలసినది చాలగలదు. ఆ యెండ ముసలివారికి తగదు. వేసవిలో జలక్రీడలే పిల్లలకు హాయి.

వ్యయమును లెక్కించునపుడు టిక్కెట్టు ధరతో నిలువరాదు. వినోదవనములలో పెక్కింటిలోనికి బయటి తినుబండారములు రానీయరు. నలుగురు పిల్లలు రెండుమాఱులు తినినచో ఆ ఖర్చే బరువగును. లాంచీలో తిండి టిక్కెట్టులోనే చేరియుండుట సాధారణము. రాజమహేంద్రవరమున గాని హైదరాబాదున గాని బంధువులుండి, ఒక రాత్రి వారింట నిలువగలిగినచో ఆ ప్రక్కకు త్రాసు మొగ్గుట సహజము.

మా తీర్పు ఇది. అరువదేండ్లు దాటిన పెద్దలు కలసి పోవు కుటుంబమునకు, సంక్రాంతి సెలవులలో, పై నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరికినచో, లాంచీయే మేలు. నడక నేర్చుచు ఒకచోట నిలువని పసివాడున్న యిల్లు లాంచీని మఱి రెండేండ్లు ఆపుకొనవలెను. పదేండ్లు దాటిన పిల్లలే యున్న యింటికి, వేసవిలో, వినోదవనము మంచిది. కాని ఒక నియమముతో. మూటలు కాచు పని గంటల లెక్కన పంచుకొనవలెను: మొదటి గంట తండ్రి, రెండవ గంట పెద్దపిల్ల, మూడవ గంట తల్లి. పెట్టె అద్దెకు దొరకు చోట ఆ అద్దెను వృథాఖర్చనుకొనరాదు. తల్లికిని నీటిలో దిగు కోరిక యున్నచో నిండుచేతుల నైలాను దుస్తులు ముందే కొని పెట్టెలో నుంచుకొనవలెను. నలువదేండ్ల యిల్లాలు పిల్లలతో నీటిలో నవ్వినంతమాత్రమున ఇంటి మర్యాదకు లోటు రాదు.

నావ యైనను, వనమైనను పేరు చెప్పునపుడు గృహిణి తన యిష్టమును తన నోటితో చెప్పవలెను. ఆమె యిష్టము నెగ్గకపోవచ్చును. అయినను లెక్కలో అదియు నుండవలెను.

వచ్చు నెల, మూడునాళ్ల ప్రయాణమునకు చెడక నిలుచు ఫలహారములను గూర్చి వ్రాయుదుము.