కొండ మీద పంట సరే... కొనేవాడేడీ?

విజ్ఞాన యాత్ర అంటే ఏమిటో మన రైతులకి కొత్తగా చెప్పనక్కర్లేదు. తెల్లారకుండా బస్సెక్కిస్తారు. పరిశోధనా స్థానం దగ్గర దింపుతారు. శాస్త్రవేత్త గంటసేపు మాట్లాడతారు, భోజనం పెడతారు, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతారు. దారిలో ఒక గుడి చూపించి రాత్రికి ఇంటికి చేరుస్తారు. ఆ ఫొటోలు ఈ పేజీలో నేనే ఎన్ని వేశానో లెక్కలేదు. యాత్ర చేసొచ్చాక మీ పొలంలో ఏం మారింది అని ఒక్కసారి కూడా అడగలేదు. అది నా తప్పే.

గత డిసెంబరులో ఉమ్మడి విశాఖ జిల్లా రైతులు పదహారు మందితో కలిసి థాయిలాండ్ ఉత్తరాన కొండ ప్రాంతానికి వెళ్లొచ్చాను. పాడేరు, చింతపల్లి వైపు కాఫీ, మిరియం రైతులు తొమ్మిది మంది. నర్సీపట్నం, మాడుగుల వైపు కూరగాయల రైతులు ఏడుగురు. ఎక్కువ మందికి మూడెకరాలు మించి లేదు. రెండేళ్లపాటు చీటీ కట్టి దాచుకున్న డబ్బుతో ఎవరి ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు. బ్యాంకాక్ వెళుతున్నాం అంటే ఊళ్లో జనం నవ్వారట. ఆ నవ్వు ఎలాంటిదో మీకు తెలుసు. ఏర్పాట్లు చూసినాయన కూడా అదే లెక్కన సముద్రపు ఒడ్డుకి రెండు రోజులు, కొండలకి ఒక్క రోజు అని కాగితం తయారు చేశాడు. మనవాళ్లు దెబ్బలాడి దాన్ని తిరగేయించారు.

రాత్రి రైలు

బ్యాంకాక్ నుంచి చియాంగ్ మాయికి విమానంలో గంటంపావు. మేం రైలే ఎక్కాం. డబ్బు కలిసొస్తుంది, దేశం కంటికి కనపడుతుంది అని. దూరం సుమారు 750 కిలోమీటర్లు, పట్టింది పదమూడు గంటలు. 2023 జనవరి నుంచి దూరపు రైళ్లు క్రుంగ్ తేప్ అఫివత్ అనే కొత్త స్టేషన్ నుంచి బయల్దేరుతున్నాయి. స్టేషన్ చూస్తే విమానాశ్రయంలా ఉంటుంది. కింద పట్టాలు మాత్రం మీటర్ గేజి, మన పాత రోజుల్లోలాగా. పగలు ఎదురెదురుగా కూర్చునే సీట్లనే రాత్రికి పరుపులుగా సర్ది, దుప్పటి పరిచి, తెర కడతారు. ఈ పని చేయడానికి పెట్టెకో మనిషి. కింది పరుపు వెడల్పు ఎక్కువ, టిక్కెట్టూ ఎక్కువే. మనవాళ్లు పులిహోర మూట విప్పితే పెట్టంతా ఇంగువ వాసన. ఎవరూ ఏమీ అనలేదు, పక్క సీటు ముసలమ్మ అడిగి మరీ రుచి చూసింది.

సాయంత్రం ఊరు దాటాక మైళ్ల కొద్దీ వరి. తెల్లారేసరికి కొండలు, టేకు, వెదురు. రైలు నడక మందగించింది. ఖున్ తాన్ దగ్గర 1,352 మీటర్ల సొరంగం ఉంది. 1907లో తవ్వడం మొదలుపెట్టి 1918లో పూర్తి చేశారు. ఆ తర్వాతే చియాంగ్ మాయికి రైలు చేరింది. అంతకుముందు ఆ కొండ సరుకు కిందికి దిగాలంటే పడవలు, ఏనుగులు, కంచర గాడిదలే దిక్కు. సొరంగం దాటగానే చింతపల్లి పెద్దాయన అన్న మాట: ‘ఏటి బాబూ, మన అరకు రైలుకి ఇంతకంటే సొరంగాలెక్కువ కదేటి? మరి మన సరుకు ఎందుకు దిగదు?’

ఆయన వేళాకోళానికే అన్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

లంపూన్ దాటుతుంటే రెండు పక్కలా లమ్యాయి తోటలు. లిచీకి చుట్టం అనుకోండి, ఇంగ్లీషులో లాంగన్ అంటారు. ఏడాదికోసారి కాసే చెట్టుని పొటాషియం క్లోరేటు వేసి కాలం కాని కాలంలో పూత పూయిస్తున్నారు. మన మామిడికి కల్టార్ వాడినట్టే. అయితే ఇది మందుగుండులో వాడే సరుకు. 1999లో చియాంగ్ మాయి దగ్గర ఒక లాంగన్ కర్మాగారంలో అది పేలి ముప్పై మందికి పైగా చనిపోయారు. పూత మందు అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు.

నల్లమందు దగ్గర మొదలు

ఆ కొండల మీద హ్మాంగ్, కరెన్, లాహు, అఖా వంటి గిరిజన తెగలు ఉంటాయి. ఒకప్పుడు వాళ్లలో చాలామందికి నల్లమందే పంట. గసగసాల మొక్క కాయకి గాటు పెడితే కారే పాలే నల్లమందు. 1958లో ప్రభుత్వం నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది, పంట కొండ మీద ఉంది.

ఎందుకు మానలేదో రైతుగా ఆలోచించండి. నల్లమందు కుళ్లదు. రోడ్డు అక్కర్లేదు, ఒక గాడిద మీద ఏడాది పంట మోసుకుపోవచ్చు. వ్యాపారి ఇంటికే వస్తాడు, ముందుగానే బియ్యం, ఉప్పు, డబ్బు అప్పిస్తాడు. ఇన్ని సదుపాయాలున్న పంట ఇంకోటి చూపించండి. మన ఏజెన్సీలో గంజాయి సంగతీ అచ్చం ఇదే కాదా? పెట్టుబడి వాడిదే, కొనేదీ వాడే, జైలుకి వెళ్లేది మాత్రం మన గిరిజన కుర్రాడు.

1969లో రాజు భూమిబోల్ చియాంగ్ మాయికి ఎగువన డోయి పుయి అనే హ్మాంగ్ ఊరికి వెళ్లి, నల్లమందు కాక ఇంకేం అమ్ముతారని అడిగారట. నాటు పీచ్ పళ్లు అన్నారు. లెక్క చూస్తే చిన్న చిన్న నాటు పళ్ల మీద వచ్చేదీ నల్లమందు మీద వచ్చేదీ దాదాపు సమానంగా తేలిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ నాటు చెట్టుకే మేలు రకం అంటు కడితే పోలా అన్నది ఆలోచన. ఆ ఏడాదే రాయల్ ప్రాజెక్టు మొదలైంది. బర్మా సరిహద్దున అంగ్ ఖాంగ్ కొండ మీద మొదటి పరిశోధనా స్థానం పెట్టారు. తైవాన్ మొక్కలూ నిపుణులనూ ఇచ్చింది. 1988లో ఈ ప్రాజెక్టుకి మెగసెసే అవార్డు వచ్చింది.

రాజు తలుచుకుంటే దెబ్బలకి కొదవా అంటారు, అక్కడ దెబ్బలకి తొందరపడలేదు. నల్లమందు తోటలు గట్టిగా నరకడం మొదలుపెట్టింది 1984-85లో. అంటే ముందు పదిహేనేళ్లు వేరే పంట, రోడ్డు, బడి, ఆస్పత్రి. ఆ తర్వాతే కత్తి.

మన దగ్గర 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో గంజాయి నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు ఒక్కచోట పోగేసి తగలబెట్టారు. నరకడం తప్పనను. ఆ మొక్క పోవాల్సిందే. ప్రత్యామ్నాయ పంటలకి విత్తనాలు, మొక్కలు కూడా పంచారు. మాతో వచ్చిన ఒకాయన కొడుకు ఆ రోజుల్లో కేసులో ఇరుక్కున్నాడు. ఆయన నాతో అన్నది: ‘రాజ్‌మా ఇత్తనాలిచ్చారు బాబూ. పండించాం. సంతలో అడిగినోడు లేడు.’

డోయి ఇంథనోన్ మీద

థాయిలాండులో అన్నిటికంటే ఎత్తయిన కొండ డోయి ఇంథనోన్, 2,565 మీటర్లు. దాని నడుమున ఖున్ క్లాంగ్ దగ్గర రాయల్ ప్రాజెక్టు కేంద్రం ఉంది. అక్కడ మేం ఎక్కువసేపు నిలబడిపోయింది పూలతోట ముందు కాదు, సరుకు దించే షెడ్డులో.

రైతులు పొద్దున్నే ప్లాస్టిక్ బుట్టల్లో కూరగాయలు తెస్తారు. ఎవరు ఏ వారం ఎంత నాటాలో ముందే కేంద్రం చెబుతుంది. అందరూ ఒకేసారి క్యాబేజీ వేసి రోడ్డు మీద పారబోసే పరిస్థితి రాకుండా. గ్రేడు కడతారు. పురుగుమందు అవశేషాలు పరీక్ష చేస్తారు. చల్లటి గదిలో పెట్టి, చల్లటి బండిలోనే చియాంగ్ మాయికి, బ్యాంకాక్‌కి పంపుతారు. ఇలాంటి కేంద్రాలు కొండల్లో దాదాపు నలభై ఉన్నాయి. పళ్లు మిగిలితే రసం, జామ్ చేసే కర్మాగారం ఫాంగ్‌లో 1972లోనే పెట్టారు. ఆ సరుకు డోయి ఖామ్ పేరుతో దేశమంతా అమ్ముతున్నారు. డోయి ఖామ్ అంటే బంగారు కొండ.

ఒక హ్మాంగ్ ఆడమనిషి చామంతి వేసింది. పాలిథిన్ పందిరి కింద రాత్రిళ్లు బల్బులు వెలిగిస్తారు. రాత్రి పొడుగైతే చామంతి మొగ్గ తొడుగుతుంది కాబట్టి, కాడ కావలసినంత ఎదిగేదాకా దీపం పెట్టి ఆపుతారు. మొక్కకి రాత్రి అయిందని తెలియనివ్వరన్నమాట. ‘గ్రేడు తగ్గిస్తే ఏం చేస్తారు?’ అని మాడుగుల రైతు దుబాసీ ద్వారా అడిగాడు. ఆవిడ నవ్వి, ‘తిడతాం. అయినా మళ్లీ వారం తెస్తాం. బండి వస్తుందని తెలుసు కదా’ అంది.

మనవాళ్లకి బాగా నచ్చింది నీళ్ల పద్ధతి. పైనున్న వాగుకి చిన్న అడ్డుకట్ట, అక్కణ్ణుంచి ప్లాస్టిక్ గొట్టం, కింద మళ్లలో తుంపర్లు. మోటారు లేదు, కరెంటు లేదు. ఎత్తే ఒత్తిడి. మన ఏజెన్సీలో గెడ్డలకి కొదవ లేదు. మరి ఎన్ని చోట్ల గొట్టం వేశాం?

మే క్లాంగ్ లువాంగ్ అనే కరెన్ ఊళ్లో మెట్ల పొలాల్లో వరి, నీడ చెట్ల కింద కాఫీ. పండు కోసి, గుజ్జు తీసి, ఎండబెట్టి, వేయించి, వచ్చిన చుట్టానికి కాచి ఇచ్చేదాకా అన్నీ ఆ ఇంట్లోనే. మన కాఫీ రైతులు అక్కడ మాట్లాడలేదు, తాగి చూశారు. బయటికొచ్చాక పాడేరు ఆయన, ‘మనదే బాగుంది’ అన్నాడు. నిజమే అయుంటుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో అమ్ముడవుతోంది. కానీ తన పొలంలో పండిన గింజ వేయిస్తే ఎలా ఉంటుందో ఆయన ఇంటివాళ్లు అంతవరకూ తాగి చూడలేదు.

అంతా బంగారం కాదు

అక్కడంతా స్వర్గం అని రాస్తే మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. నల్లమందు పోయి క్యాబేజీ వచ్చాక కొండ మీద పురుగుమందు డబ్బాలూ వచ్చాయి. 1990లలో చోమ్ థోంగ్ ప్రాంతంలో పై హ్మాంగ్ రైతులు నీళ్లు లాగేస్తున్నారు, విషం వదులుతున్నారని కింది వరి రైతులు గొడవకి దిగారు. ఆ తగాదా చాలా ఏళ్లు నడిచింది.

మే చెమ్ లాంటి చోట్ల ప్రాజెక్టు బండి చేరని వాలుల మీద కోళ్ల మేత కోసం మొక్కజొన్న అల్లుకుపోయింది. విత్తనం, ఎరువు అప్పు మీద తెచ్చుకుంటారు, పంట ఆ అప్పుకే పోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చొప్ప తగలబెట్టే పొగ, అడవి మంటల పొగ కలిసి, చియాంగ్ మాయి లోకంలోనే అతి చెడ్డ గాలి ఉన్న ఊళ్ల వరసలో కెక్కుతోంది. మేం వెళ్లింది డిసెంబరు కాబట్టి ఆకాశం నీలంగా ఉంది. మార్చిలో వెళ్లుంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది. మన మన్యంలో మొక్కజొన్న వేసేవాళ్లు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఇంకొక సంగతి. డోయి ఇంథనోన్ 1972 నుంచి నేషనల్ పార్కు. యాభై ఏళ్లుగా అక్కడే పండిస్తున్నవాళ్లకి భూమి మీద పట్టా లేదు. ఎంత బాగా పండించినా, అడవి శాఖ తలుచుకుంటే ఏమవుతుందోనన్న భయం పోలేదు. ఈ ఒక్క విషయంలో మనవాళ్లదే పైచేయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా తన ఇంట్లో ఉందని చింతపల్లి పెద్దాయన చెబితే, దుబాసీ దాన్ని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అక్కడివాళ్లు నమ్మలేదు.

అంటే మనకి భూమి మీద హక్కు ఉంది, బండి లేదు. వాళ్లకి బండి ఉంది, హక్కు లేదు.

నా ఫిర్యాదు ఇది. మన దగ్గర ప్రత్యామ్నాయ పంట అనగానే మొక్కల లెక్క చెబుతారు. ఇన్ని లక్షల మొక్కలు పంచాం, ఇన్ని ఎకరాల్లో వేశాం అని. ఏ సంతలో ఎవరు ఎంతకి కొన్నారన్న లెక్క ఆ కాగితంలో ఉండదు. కాఫీకి జీసీసీ ఉంది, కొన్ని సంస్థలున్నాయి కాబట్టి రైతు కొంత నిలబడ్డాడు. కూరగాయలు, పూలు, పళ్లకి ఏముంది? లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుతోంది, చలికాలం సందర్శకులు ఉన్నన్నాళ్లూ తోట దగ్గరే అమ్ముడవుతుంది. వాళ్లు రావడం మానేస్తే? కొండ కింద ఒక్క చల్లటి గది, వారానికి మూడుసార్లు విశాఖపట్నానికి చల్లటి బండి. దీనికయ్యే ఖర్చు గంజాయి పట్టుకోవడానికి పెట్టే ఖర్చులో ఎన్నో వంతో అధికారులే లెక్క తీసి చెప్పాలి.

వచ్చేటప్పుడు పెద్దాయన చియాంగ్ మాయి బజారులో పిల్లలకి బొమ్మలు కొనలేదు. చిన్న తుంపర్ల మూతులు ఇరవై కొన్నాడు. రాత్రి రైల్లో పై పరుపు మీద పడుకుని సంచి తల కింద పెట్టుకున్నాడు. మొన్న సంక్రాంతి వెళ్లాక వాళ్ల ఊరు పోయాను. ఇంటి పైనున్న గెడ్డ నుంచి గొట్టం వేశాడు, పది సెంట్లలో క్యాబేజీ, కొత్తిమీర. తుంపర్లు బాగానే తిరుగుతున్నాయి. క్యాబేజీ వంద కాయలకి పైగా కోతకొచ్చింది.

‘ఆదివారం సంతకి జీపు మీదేసి పంపాలి. జీపోడు ఎంత అడుగుతాడో’ అన్నాడు.